నవ్వితేనే పడే సొట్ట

మా పక్కింటి డ్రాయింగు టీచరుగారు ఇక లేరు. కోటబొమ్మాళిలో వాళ్ల తమ్ముడింట్లో పోయారట. కబురు తెచ్చిన మనిషి మా గుమ్మంలోనే నిలబడి, "నిన్న పొద్దున్నే పోయారమ్మా. సాయంత్రానికే అంతా అయిపోనాది" అన్నాడు. మంచినీళ్లిస్తే తాగి, రైలు వేళయిందని వెళ్లిపోయాడు. ఆఖరిచూపు కూడా నాకు దక్కలేదు.

విజయనగరంలో ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు చాలామందే ఉంటారు. వాళ్లకి ఆవిడ నల్లబల్ల మీద మామిడిపండు, పూలకుండీ వేసి చూపించిన టీచరుగా గుర్తుంటారు. నాకు తెలిసిన మనిషి వేరు.

ఉక్కు ఫ్యాక్టరీ గొడవలతో విశాఖ బస్సులు ఆగిపోయిన ఏడు మా పాప జ్వరంతో పోయింది. రెండో పుట్టినరోజుకి స్టూడియోకి తీసుకెళ్లి ఫొటో తీయిద్దామనుకున్నాం. అంతవరకూ పాప ఉండలేదు. దాని ముఖం ఏ కాయితం మీదా లేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లందరూ మళ్లీ పుడతారులే అన్నారు. టీచరుగారు ఆ మాట అనలేదు. ఒక మధ్యాహ్నం రేకు డబ్బా తెచ్చి నా ముందు మూత తీశారు. అందులో పేస్టల్ సుద్దలున్నాయి. బడి సుద్దముక్క కన్నా మెత్తన. ముట్టుకుంటే చాలు, రంగు వేలికంటుతుంది. పొట్లాలు కట్టే గోధుమరంగు కాయితం నేల మీద పరిచి, నల్ల సుద్ద నా చేతిలో పెట్టారు.

"బొమ్మేటీ వెయ్యక్కర్లేదు. నీకెలా ఉన్నాదో అలా రుద్దు" అన్నారు.

కాయితం చిరిగేదాకా రుద్దాను. ఆవిడ ఇంకో కాయితం పరిచారు.

కొన్నాళ్లకి చేతికి కాస్త అదుపు వచ్చింది. పెన్సిలు పట్టినట్టు మొనతో సన్నగా గీస్తుంటే ఆవిడకి కోపం వచ్చేది. సుద్ద లాక్కుని రెండు ముక్కలు విరిచి, ముక్కని అడ్డంగా పడుకోబెట్టి పూయమనేవారు. అరచేత్తో పామమనేవారు. ఒకసారి గంటస్తంభం దగ్గర కూర్చునే కూరగాయల ముసలమ్మని వెనకనుంచి వేశారు. వంగిన వీపు, కిందికి జారిన ఒక భుజం, అంతే. ముఖమేదని అడిగాను. "ఆ భుజం సూస్తే తెలీడం లేదేటి, ఏటీ అమ్ముడవలేదని?" అన్నారు.

ఆవిడకి చేతిగుడ్డ ఉండేది కాదు. వేళ్లు పమిటకొంగుకే తుడుచుకునేవారు. ఎంత ఉతికినా ఆ కొంగు మీద నీలమో, పసుపో మిగిలేది. గోళ్ల సందుల్లో రంగు పోదని, మా ఇంట్లో ఏం పెట్టినా చెంచాతోనే తినేవారు.

ఒకరోజు పాప ముఖం వేస్తానన్నాను. ఆవిడ సుద్దల డబ్బా నా వైపు జరిపారు. తరవాత, "బొమ్మ పిల్లని తేదు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏస్తన్నంతసేపూ సెయ్యి ఖాళీగా ఉండదు, అంతే" అన్నారు.

పాపని ఆవిడ బాగా ఎరుగుదురు. బడినుంచి రాగానే గోడవతలినుంచి చేతులు చాపి ఎత్తుకునేవారు. అందుకే నేను వేస్తుంటే పక్కన కూర్చుని దిద్దగలిగేవారు. నుదురు అంత వెడల్పు కాదని, కళ్ల కింద కాస్త ఆకుపచ్చ నీడ పడితే గానీ ఆ చామనచాయ రాదని చెప్పేవారు. ఎడమ బుగ్గ మీద సొట్ట వేస్తే ఒప్పుకోలేదు. కన్నతల్లిని, నాకు తెలీదా అని కసురుకున్నాను.

"నేనూ సూసేనే. అది నవ్వితేనే పడేది" అన్నారు నెమ్మదిగా.

నిజమే. అప్పటిదాకా నేను వేసిన ముఖాలేవీ నవ్వడం లేదు.

నవ్వు వెయ్యడం మొదలుపెట్టాక మరీ కష్టమైంది. ముక్కు వచ్చేది, పెదవులు వచ్చేవి, పాప వచ్చేది కాదు. నేను ఏడిస్తే ఆవిడ ఓదార్చేవారు కాదు, సుద్దలు డబ్బాలో సర్దేవారు. మర్నాడు మళ్లీ వచ్చేవారు.

ఈ వేసవిలో ఆవిడకి ఒళ్లు వాచి, మంచం దిగలేని స్థితి వచ్చింది. తమ్ముడు వచ్చి తీసుకెళ్లిపోయాడు. బండెక్కే ముందు నేను వేసిన బొమ్మ చూపించాను. ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, వేలితో కింది పెదవి అంచు కొద్దిగా చెరిపారు. "ఇప్పుడు కొంచెం మీ పిల్లలా ఉన్నాది" అన్నారు. ఆగి, "కొంచెమే" అన్నారు.

ఇప్పుడు సుద్ద పట్టుకుంటే, కాదని చెప్పే మనిషి లేదు. ఎలా వేసినా అదే పాప అయిపోతుంది. నాకు గుర్తున్నది దాని ముఖమో, నేను వేసిన బొమ్మో తేల్చుకోలేకపోతున్నాను. ఆవిడతో పాటు పాప రెండోసారి పోయింది. ఇది ఎవరితో చెప్పుకోవాలో తెలియక మీ పత్రికకి రాస్తున్నాను.

ఆ ముఖం ఎరిగినవాళ్లలో ఇక మా ఆయన ఒక్కరే ఉన్నారు. అడిగితే లేచి వెళ్లిపోతారు. ఆవిడ చెయ్యి పడిన ఆ బొమ్మని గోడకి తగిలించాను. ఆయన ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

పేస్టల్ రంగు కాయితాన్ని గట్టిగా పట్టుకోదు. తలుపు పడ్డప్పుడల్లా కాస్త రాలుతుంది. నిన్న పొద్దున్న ఊడవబోతే, గోడ వారగా నల్లగచ్చు మీద సన్నటి పొడి కనిపించింది. ఆ పొడిలో పక్కపక్కనే రెండు పాదాల గుర్తులు, గోడవైపు తిరిగి ఉన్నాయి. అక్కడినుంచి ఒక్కొక్క అడుగుకీ రంగు పలచబడుతూ, ఆయన మంచం దాకా వెళ్లాయి.