అల్లుడి పాస్‌పోర్టు నా వక్కాకు సంచిలో

తియ్యగా మాట్లాడేవాళ్లంటే నాకు భయం. మా ఆయన పోయిన కొత్తలో నా వేలిముద్ర కోసం ఇంటికొచ్చినవాళ్లందరూ తియ్యగానే మాట్లాడారు. 'మేముండాం కదా వదినా' అన్నవాడే చేను గట్టు మా వైపు జరిపాడు. అప్పటినుంచి ఎవరైనా నవ్వుతూ కుర్చీ చూపిస్తే, దాని కిందికి వంగి చూశాకే కూర్చుంటాను.

అలాంటిదాని నెత్తిన, అల్లుడి వీసాకు లాయరును వెతికే పని పడింది.

నా కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేసింది. అదే ఇంట్లో కారు నడిపే శ్రీలంక అబ్బాయిని పెళ్లి చేసుకుంది. వాళ్ల దేశంలోనే రిజిస్టరు చేయించుకుని, ఇద్దరూ మా ఊరికి వచ్చారు. మాది బత్తలపల్లె పక్కన. అతను వచ్చింది ఊళ్లు చూసిపోయేవాళ్లకిచ్చే వీసా మీద. కూతురికి ఏడో నెల. కాన్పుకు ముందే అతని గడువు తీరిపోతుంది. భార్య దగ్గర ఉండడానికి వేరే వీసా ఉందట, దానికి అర్జీ పెట్టాలట. పెట్టకపోతే వెళ్లిపోవాలి. సముద్రం దాటిపోయినవాడు మళ్లీ వస్తాడా? వస్తాడని కూతురు అంటుంది. 

కూతురు బస్సులో కూర్చోలేని స్థితి. అల్లుడికి అరవం వచ్చు, తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. అందుకని అనంతపురానికి అతనూ నేనూ బయలుదేరాం.

మొదట వెళ్లింది బస్టాండు దగ్గర ఒక మేడమీదికి. బోర్డు మీద విమానం బొమ్మ ఉంది. లోపల ఏసీ గది. లాయరు లేచి నిలబడి మరీ పిలిచాడు.

"రామ్మా, కూర్చో. కాఫీ తెప్పియ్యనా?"

కాఫీ అనగానే నాకు సగం అర్థమైంది.

"నీ అల్లుడంటే నాకు తమ్ముడే. దిగులు పెట్టుకోవద్దు. ఢిల్లీలో మనోళ్లుండారు. వారంలో పనైపోతాది."

అతను ఇంకా ఏమీ అడగలేదు. అంతలోనే నా అల్లుడు చొక్కాలోంచి పాస్‌పోర్టు తీసి, గుళ్లో టెంకాయ ఇచ్చినట్టు రెండు చేతులతో బల్లమీద పెట్టాడు. లాయరు దాన్ని తెరిచి కూడా చూడకుండా సొరుగులో వేసి తాళం తిప్పాడు.

"ఏమప్పా, దాన్ని యాడ పెడతాండావు?"

"ఈడే భద్రంగా ఉంటాదమ్మా. పనైనాక ఇస్తా."

"పని కాకముందు నీకేల?"

"ఆఫీసోళ్లు అడుగుతారు కదమ్మా."

"అడిగినప్పుడు మేమే తెస్తాం. సొరుగు తియ్."

అతని నవ్వు కొంచెం తగ్గింది. "నమ్మకం లేకుంటే పనులు జరగవమ్మా."

"నాకు నమ్మకం లేదని మా ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్తారు. సొరుగు తియ్యప్పా, లేకుంటే ఈడే పండుకుంటా."

చెప్పులు విడిచి, కాళ్లు పైకి మడుచుకుని ఆ మెత్తటి కుర్చీలో కూర్చున్నాను. బయట కాచుకున్నవాళ్లు తలుపు సందులోంచి తొంగి చూడసాగారు. సొరుగు తెరుచుకుంది.

మెట్లు దిగుతూ అల్లుడిని పట్టుకున్నాను. "అడక్కనే ఎందుకిస్తివప్పా?"

"ఎప్పుడూ అట్టానే అత్తా. పోతానే ఇవ్వాల. కఫీల్ పెట్టుకుంటాడు."

కఫీల్ అంటే కువైట్‌లో పనికి పెట్టుకున్న యజమాని. విమానం దిగగానే పాస్‌పోర్టు తీసుకుని తన బీరువాలో పెట్టేస్తాడట. మళ్లీ అది కంటబడేది సెలవుకు వచ్చేటప్పుడే. నా కూతురిదీ అంతే. బల్లకు అవతల మనిషి కనిపిస్తే చాలు, వీళ్ల చేతులు వాటంతట అవే జేబులోకి పోతాయి.

ఇట్లాంటివాడి దగ్గర ఉంటే ఎవరికైనా ఇచ్చేస్తాడు. "ఇట్లా తే" అన్నాను. ఇచ్చేశాడు. నా వక్కాకు సంచిలో వేసి, తాడు బిగించి నడుముకు దోపుకున్నాను. తర్వాత అతను ఒక్కసారీ అడగలేదు. నేను భద్రం కోసమే పెట్టుకున్నాను. నాకు రాత రాదు, ఇది రాసిపెడుతున్నవాళ్లతో ఆ మాట ఇట్లాగే రాయమన్నాను.

మళ్లీ వెళ్లినప్పుడు బోర్డులను నమ్మలేదు. కోర్టు ముందు టీ అమ్మే ఆమెను అడిగాను.

"అక్కా, ఈడ తియ్యగా మాట్లాడని లాయరు ఎవురన్నా ఉండారా?"

ఆమె గ్లాసులు కడగడం ఆపి నవ్వింది. "అందరూ గెలిపిచ్చే లాయరును అడుగుతారు, నువ్వేమక్కా తిట్టే లాయరును అడుగుతాండావు! ఒకామె ఉండాదిలే. బయటి దేశమోళ్ల కాగితాలు గూడా చూస్తాది. చెవుల్లో దూది పెట్టుకోని పో."

ఆ లాయరమ్మ మమ్మల్ని కూర్చోమని అనలేదు. పెళ్లి సర్టిఫికెట్ అడిగి తీసుకుని చదివింది.

"వీసా ఇచ్చేది నేను కాదు, సర్కారు. అర్జీ సక్రమంగా పెట్టేది మాత్రమే నా పని. వస్తాదని మాటియ్యను."

ఈమె మీదా అనుమానం వచ్చింది నాకు. మాటే ఇవ్వని మనిషికి ఫీజెందుకు?

"పాస్‌పోర్టేదీ?"

అల్లుడు నా నడుము వైపు చూశాడు. నేను సంచి తాడు లాగి బయటికి తీశాను. నాలుగు వక్కపలుకులు బల్లమీద రాలాయి. అట్ట మీద సున్నం అంటుకుంది.

"ఇది నీ సంచిలోకి ఎందుకొచ్చింది పెద్దమ్మా?"

"పోగొట్టుకుంటాడని."

"పోగొట్టుకుంటాడనా, పోతాడనా?"

నేను సంచి తాడు మళ్లీ బిగించాను. అల్లుడికి ఆ తెలుగు అర్థమైందో లేదో, తల వంచుకుని వక్కపలుకులు ఏరుతున్నాడు.

"పోలీసులు మీ ఇంటికి విచారణకొస్తారు," అందామె. "నిజంగా మొగుడూ పెండ్లామేనా, ఇష్టపడే కలిసుండారా అని చూస్తారు. పాస్‌పోర్టేదంటే ఈయప్ప అత్త నడుము చూస్తే ఏమనుకుంటారు? కట్టేసి పెట్టుకున్యారని రాస్తారు. గల్ఫులో సేట్లు చేసేదీ ఇదే కదా? ఆయప్పది ఆయప్పకియ్యి. నాకు గూడా వద్దు, జిరాక్సు చాలు."

"ఇంద" అన్నాను. అతను తీసుకున్నాడు గాని యాడ పెట్టుకోవాలో తెలియలేదు. ప్యాంటు జేబులో పెట్టాడు, తీసి చొక్కా జేబులో పెట్టాడు. జిరాక్సు తీసుకొస్తానని ఒక్కడే బయటికి వెళ్లాడు.

నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. రోడ్డు మీద బెంగళూరు బస్సు హారన్ కొడుతూ పోతోంది.

"కూర్చో పెద్దమ్మా. నువ్వు చూస్తే జిరాక్సు మిషను బిరబిరా తిరగదు."

కూర్చోలేదు. ఎంతసేపటికో వచ్చాడు, చెమటలు కక్కుతూ. ఆ వీధిలో కరెంటు లేదని ఇంకో వీధికి పోయాడట. నిజమో కాదో, వచ్చాడు.

అర్జీ పెట్టిన కొన్నాళ్లకు కానిస్టేబుల్ మా ఇంటికి వచ్చాడు. అల్లుడు తన జేబులోంచే పాస్‌పోర్టు తీసి చూపించాడు. చూపించాడంతే, చేతిలోంచి వదల్లేదు. కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు.

"ఈయప్ప మీద నీకేమన్నా అనుమానం ఉండాదా అవ్వా?"

"నాకు అందరి మీదా ఉండాది. నీ మీద గూడా ఉండాది. కానీ ఈయప్ప నా కూతురి మొగుడే. దాంట్లో అనుమానం లేదు, రాసుకో."

కాన్పుకు ముందే వీసా వచ్చింది. నొప్పులప్పుడు ఆసుపత్రిలో నేను లోపల కూతురి దగ్గర ఉన్నాను, అతన్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. మధ్యమధ్యలో తలుపు తీసి చూస్తూ వచ్చాను. అతను కంగారుగా లేచేవాడు.

"ఏమైంది అత్తా?"

"ఏం లేదు. ఉండావా అని చూస్తిని."

"ఉండా అత్తా."