మాస్టర్ ముందు పెట్టని కట్టె

మొన్న తలుపు చేయించే పని మీద కరీంనగర్‌లో ఒక వడ్రంగి దుకాణానికి వెళ్లాను. అతను కొత్త చౌకట్టుకు అవిసె నూనె పట్టిస్తున్నాడు. ఆ వాసన తగలగానే తలుపు కొలతలు చెప్పడం మరిచిపోయి నిలబడిపోయాను. డెబ్బైల చివర్లో, బెల్లంపల్లి వైపు మా బొగ్గుబావుల ఊళ్లో, ఖాజామియా మాస్టర్ కుట్టు దుకాణం అరుగు మీద కూర్చుని మా హాకీ కట్టెలకు ఇదే నూనె రుద్దేవాళ్లం.

మాస్టర్ దర్జీ. వయసులో ఉన్నప్పుడు హైదరాబాద్‌లో హాకీ ఆడారట. మా ఊరికి ఆ ఆట తెచ్చింది, టీం కట్టింది ఆయనే. నాలాగా బావిలో పర్మనెంటు కాకుండా బదిలీ పని చేసేవాళ్లు, కూరగాయలమ్మేవాళ్లు, మగ్గం మీద కూర్చునేవాళ్లు, ఎవరొచ్చినా చేతికి కట్టె ఇచ్చేవారు. మైదానం బొగ్గు మసి కలిసిన నేల. పడితే మోకాలి గాయం నల్లగానే మానేది. చొక్కాలు ఆయనే కుట్టారు, పరదాల గుడ్డ తిరగేసి. చెమటకు తడిస్తే లోపలి పూలు బయటికి కనిపించేవి. మంచిర్యాలలో అవతలివాళ్లు పూల టీం వచ్చిందని నవ్వారు. ఆ రోజు మేమే గెలిచాం.

నాకు బంతి దొరికితే ఎవరికీ ఇచ్చే అలవాటు లేదు. మాస్టర్ గీత బయటి నుంచి అరిచేవారు. "రాజయ్యా, బంతిని సంకనేసుకొని ఏడికి పోతున్నవ్? గది నీ బిడ్డనా? జర పక్కోనికియ్యి." గోల్‌కీపర్ పోశం వెనక నుంచి అందుకునేవాడు. "ఇయ్యడు మాస్టర్, దానికి పాలు తాపాలె." అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. నెమ్మదిగా బంతి ఇవ్వడం నేర్చుకున్నాను.

మా టీంలో ఒక పద్ధతి ఉండేది. ఏటా వానలు వెనకపట్టాక కెప్టెన్‌ను ఎన్నుకునేవాళ్లం. పోటీలో ఉన్నవాళ్లు ఎడంగా నిలబడితే, మిగతావాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తమకు నచ్చినవాడి కాళ్ల ముందు కట్టె దించాలి. కొత్తగా చేరినవాడు మొదట, పాత కెప్టెన్ అందరికంటే చివర. చేతులెత్తితే సరిపోదా అని ఒకసారి అడిగాను.

"చెయ్యెత్తుడు అల్కగుంటది బిడ్డా. చేతిలున్నది కిందికి దించాల్నంటే మనిషి జర ఆగి సోంచాయిస్తడు" అన్నారు మాస్టర్. "కప్తానే ముందుగాల పెడితే మిగిలినోళ్లు సోంచాయించరు. గొర్రెల్లెక్క ఎన్కపడతరు. అందుకే ఆఖర్ల."

ఆ పద్ధతిలోనే వరసగా రెండేళ్లు నన్ను కెప్టెన్‌ను చేశారు. రెండో ఏడు ఆదిలాబాద్‌లో కప్పు గెలిచాం. దానితో బావి పెద్దల కన్ను మా మీద పడింది. టీంను వాళ్లే నడుపుతామన్నారు. కొత్త చొక్కాలు, బూట్లు, శిక్షణ పొందిన కోచ్. దర్జీ మాస్టర్ మాత్రం అక్కర్లేదు. సంక్షేమ అధికారి నన్ను గదిలోకి పిలిచారు.

"రాజయ్యా, నీ పర్మనెంటు సంగతి నేనే చూస్తున్నాను. ఆ పెద్దాయన్ని మేం వెళ్లగొట్టినట్టు ఉండకూడదు. మీకు కట్టెలు పెట్టే పద్ధతేదో ఉందటగా, అలాగే కానిద్దాం. కెప్టెన్‌వి కాబట్టి నువ్వే ముందు పెట్టు."

నేను సరేనన్నాను. ఇంటికి నడుస్తూ, మంచి కోచ్ వస్తే టీంకే మేలని నాకు నేనే చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉండటమే నాకు పనికొచ్చింది.

మరునాడు సాయంత్రం వాన వెలిసింది. మాస్టర్ మెడలో కొలతల టేపుతోనే వచ్చి ఒక పక్క నిలబడ్డారు. కొత్త కోచ్ ఇంకో పక్క. అధికారి నా పేరు పిలవగానే మాస్టర్ అడ్డుపడ్డారు.

"సార్, కప్తాన్ ఆఖర్ల పెట్టాలె. గది మా ఖాయిదా."

అధికారి నా వైపు చూశారు. "ఏం రాజయ్యా?"

"ఎవలు ముందు పెడితే ఏంది మాస్టర్" అన్నాను.

వెళ్లి నా కట్టె కొత్త కోచ్ ముందు దించాను. నా వెనక అందరూ వచ్చారు. పోశం కాసేపు నిలబడి, తనూ అక్కడే పెట్టాడు. మాస్టర్ ముందు ఒట్టి బురద నేల. ఆయన మెల్లగా మా వైపు వచ్చి, నా కట్టె తీసి, భుజం మీది తువ్వాలతో తుడిచి నా చేతికిచ్చారు. "తడిల పెట్టినవేంది బిడ్డా. పగుల్తది" అని దుకాణం వైపు వెళ్లిపోయారు.

తర్వాత ఒకరోజు పోశాన్ని నిలదీశాను, నువ్వైనా మాస్టర్ వైపు పెట్టొచ్చు కదా అని. "నువ్వు ముంగట నడిస్తివి, మేం నీ ఎన్క వస్తిమి. మల్ల నన్నడుగుతున్నవ్" అని నవ్వాడు.

నాకు ఉద్యోగం పర్మనెంటయింది. కొత్త కోచ్ ఏడాది తిరగకముందే బదిలీ మీద వెళ్లిపోయాడు. కూరగాయల వాళ్లను, మగ్గం వాళ్లను అంతకుముందే తీసేశారు. షిఫ్టు దిగినవాళ్లెవరూ ఆటకు రాలేదు. గోలు కర్రలు ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. మైదానంలో క్వార్టర్లు లేచాయి. మా ఊళ్లో ఒక హాకీ టీం ఉండేదంటే ఇప్పుడు అక్కడివాళ్లే నమ్మరు.

తొంభైల మొదట్లో, మాస్టర్ సుల్తానాబాద్‌లో బిడ్డ ఇంట్లో ఉంటున్నారని తెలిసి వెళ్లాను. క్షమించమని అడగాలనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆయన మంచం మీద ఉన్నారు. చూపు తగ్గింది కానీ నా గొంతు గుర్తుపట్టగానే లేచి కూర్చున్నారు. "రాజయ్యనా? మోకాలు ఎట్లుంది? గప్పుడు ఆటల దెబ్బ తాకింది?" అని నా మోకాలు తడిమారు. అల్లుణ్ని పిలిచి, పక్కింటివాళ్లను పిలిచి నన్ను చూపించారు.

"ఈయన మా కప్తాన్. అందరు కలిసి ఎన్నుకున్నోడు. ఆదిలాబాద్ కప్పు గీయనే తెచ్చిండు."

వాళ్లు నా వైపు మర్యాదగా చూశారు. నేను తల ఊపాను. చాయ్ తాగాను. సెలవు తీసుకుని బస్సెక్కాను. మరుసటి ఏడు ఆయన పోయారని తెలిసింది.

మైదానంలో చేసినదానికి ఒక కారణం చెప్పుకోగలను. పేదరికం ఉంది, ఉద్యోగం పోతుందన్న భయం ఉంది. సుల్తానాబాద్ ఇంట్లో అధికారి లేడు. పోయే ఉద్యోగమూ లేదు. చూపు ఆనని ఒక ముసలాయన నా మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు, అంతే. అయినా నేను నోరు తెరవలేదు.