పంటు మీద విప్పిన ముడి

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటెక్కి, మర్నాటి ఇంగ్లీషు పాఠం చూసుకుంటున్నాను. ‘లెట్ యువర్ హెయిర్ డౌన్’ అంటే మొహమాటాలన్నీ వదిలి హాయిగా గడపడమని పుస్తకంలో ఉంది. అలా ఎందుకంటారో మాత్రం లేదు.

“ఏం చదువుతున్నారండీ అంత దీర్ఘంగా?” అని పక్కనున్న పెద్దావిడ అడిగారు.

“ఇంగ్లీషులో జుట్టు విప్పుకోవడమంటే హాయిగా ఉండడమటండీ. ఎందుకో తెలియడం లేదు.”

నవ్వుతారనుకున్నాను. మా వైపు జుట్టు విరబోసుకుని గుమ్మం దాటితే పెద్దవాళ్లు ఊరుకోరు.

“ఆయ్, నాకు తెలుసండీ,” అన్నారావిడ. “కువైట్లో పన్నెండేళ్లు వంట చేసేను. పనిలో ఉన్నంతసేపూ తలకి గుడ్డ కట్టుకోవాలండి. పనయ్యేక నా గదిలోకెళ్లి ముడి విప్పేదాన్ని. అప్పుడు ప్రాణం లేచొచ్చేది. ఆ ఇంగ్లీషు ఆడవాళ్లకీ అంతేనేమోనండి.”

“మరి ఇప్పుడో?”

“ఇప్పుడు ఇంటినిండా జనవేనండి. నాకంటూ గదెక్కడిది?”

పంటు కదిలింది. “ఏమీ అనుకోకండమ్మా,” అంటూ ఆవిడ పిన్నులు తీసి ముడి విప్పేశారు. నెరిసిన జుట్టు గోదావరి గాలికి నా పుస్తకం మీద కూడా పడింది. ఆవిడ కళ్లు మూసుకున్నారు. నరసాపురం రేవు దగ్గర పడగానే గబగబా ముడి చుట్టి, కొంగు సర్దుకుని దిగిపోయారు.

తర్వాత వెతికితే ఆవిడ ఊహే నిజమైంది. ఒకప్పుడు ఇంగ్లండులో ఆడవాళ్లు నలుగురిలో ఉన్నప్పుడు జుట్టు ముడేసుకోవాల్సిందేనట, ఇంట్లోనే విప్పుకునేవారట.

పుస్తకంలో ఆ అర్థం పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: ఈ రేవు నుంచి ఆ రేవు దాకా.