వాకిట్లో నాలుగు రేకులు

కరీంనగర్‌లో పెద్ద డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, "ఇంటికి తీసుకపోండ్రి, ఏం తింటనంటే అది పెట్టుండ్రి" అన్నాడు. ఏ ఇంటికో ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన పని ఆయనది కాదు కూడా. సిరిసిల్ల బస్సులో భర్త సామేలును కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని సాయమ్మ దారి పొడవునా ఆ ఒక్క ముక్కే ఆలోచించింది.

కోనరావుపేట దిక్కు వాళ్ల పల్లెలో సామేలుకు ఒకప్పుడు ఇల్లుండేది. ఇప్పుడక్కడ మూడు గోడలున్నాయి. కప్పు ఎప్పుడో పోయింది, నాలుగో గోడ నిరుడు వానకు కూలింది. బిడ్డ ప్రీతి కోరుట్లలో ఉంటుంది, అది కిరాయి ఇల్లు. ఇక మిగిలింది సిరిసిల్లలో పద్నాలుగేళ్లుగా కాపురమున్న ఒంటిగది. అదీ కిరాయిదే.

ఇటువైపు కిరాయి ఇళ్లకు ఒక షరతుంటుంది. నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి, కరెంటు బిల్లు ఎవరిది, చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారు, ఇవన్నీ ముందే మాట్లాడుకుంటారు. చావు సంగతి మాత్రం మాట్లాడుకోరు, ఎందుకంటే అది అందరికీ తెలుసు. కిరాయికున్నవాడు ఆ ఇంట్లో చావకూడదు. ఆస్పత్రిలో పోయినా శవాన్ని గడప లోపలికి తేకూడదు. రోడ్డు పక్కన టెంటు వేసుకుని ఏడవాలి. సామేలు తోటి హమాలీ బక్కయ్య పోయిన రోజున సాయమ్మ కళ్లారా చూసింది. వానకు టెంటు గుడ్డ నీళ్లు నిండి బానలా కిందికి వేలాడుతుంటే, అది శవం మీద తెగిపడకుండా బక్కయ్య తమ్ముడు సాయంత్రం దాకా కట్టె పట్టుకుని నీళ్లు నెడుతూ నిలబడ్డాడు. అన్నకోసం ఏడ్చే తీరిక వాడికి దొరకలేదు. మనిషిలోనే దేవుడున్నాడని మైకులో చెప్పేవాళ్లకు ఆ వీధుల్లో కొదవలేదు. వాళ్లలో చాలామందికి కిరాయికిచ్చే గదులు కూడా ఉన్నాయి.

సామేలు మరమగ్గాల షెడ్లకు నూలు చుట్టిన బరువైన బీములు మోసిన మనిషి. ముప్పై ఏళ్లు మోశాడు. సాయమ్మ బీడీలు చేస్తుంది. వాళ్లుండే గది సుధాకర్ రావు దొర ఇంటి వెనక, ఒకప్పుడు వడ్ల బస్తాలు పెట్టుకునేందుకు కట్టింది. సామేలు తండ్రి పల్లెలో ఆ దొరల దగ్గర పాలేరుగా జీతమున్నాడు, ఆ పరిచయం మీదే గది దొరికింది. సుధాకర్ రావు పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ముందటింట్లో ఆయన భార్య శోభారాణి ఉంటుంది. హెడ్‌మాస్టరుగా రిటైరైన మనిషి, దొరసాని అంటే ఆమెకు నచ్చదు. "మేడం అను సాయమ్మా, కాలం మారింది" అని పదిసార్లు చెప్పింది. సాయమ్మ "సరే దొరసాని" అని పదిసార్లూ ఒప్పుకుంది.

కరీంనగర్ నుంచి వచ్చిన రోజే సాయమ్మ గట్టిగా అనుకుంది: ఈ గదిలోనే, ఈ మంచం మీదే పోవాలి సామేలు. టెంటు కింద కాదు. అందుకు ఒక్కటే దారి. ఆయన పోతున్నాడని ముందటింటికి తెలియకూడదు. అడిగినవాళ్లకు కామెర్లని చెప్పింది. ఆకుపసరు పోయిస్తున్నామని చెప్పింది. తలుపు ఓరగా వేసి ఉంచడం మొదలుపెట్టింది.

శ్రావణంలో ముసురు పట్టింది. రెండో రోజు స్లాబు ఉరవడం మొదలైంది. ప్రతి ఏడూ ఉరుస్తుంది, ప్రతి ఏడూ సాయమ్మ ముందటింటికి పోయి చెబుతుంది, మేస్త్రీ వచ్చి ఏదో పూసిపోతాడు. ఈసారి చెప్పలేదు. చెబితే మేస్త్రీ వస్తాడు, మేస్త్రీ వెంట దొరసాని వస్తుంది, దొరసాని వస్తే మంచం మీద మనిషిని చూస్తుంది. అందుకని నోరు మూసుకుని మంచం జరిపింది. నీటిచుక్క మంచం వెంటే వచ్చింది. మళ్లీ జరిపింది. మూడో రోజుకు గదిలో పొడిగా మిగిలింది ఒక్క మూల, తంబాకు డబ్బా ఉన్న మూల. బీడీ ఆకు తడిగా ఉంటేనే కత్తెరకు లొంగుతుంది, తంబాకు తడిసిందంటే మాత్రం ఇక పనికిరాదు. సాయమ్మ కాసేపు ఆ మూలనూ మంచాన్నీ చూసి, డబ్బాను ఎత్తి పొయ్యి పక్కన పెట్టి, మంచాన్ని మూలకు లాగింది. మర్నాటికి తంబాకు ముద్దయింది.

ఒకసారి చుక్క సామేలు నుదుటి మీద పడింది. "పోయినంక పోసే నీళ్లు గిప్పుడే పోస్తున్నవా?" అన్నాడు కళ్లు తెరవకుండానే.

"నోరు మూసుకొని పండు."

"మూసుకుంట గని, జర ఉడుకునీళ్లు పొయ్యి."

పాస్టరు ఏసుబాబు వానలో తడుస్తూ వచ్చాడు. మంచి మనిషే, ప్రార్థన కొంచెం పొడుగు. పైన సామేలు కోసం ఇల్లు సిద్ధంగా ఉందని, దానికి చెద పట్టదని, గాలివానలు దాన్ని కదిలించవని కళ్లు మూసుకుని చాలాసేపు చెప్పాడు. ఆ సేపంతా సాయమ్మ ఆయన తల మీద చుక్క పడకుండా పళ్లెం పట్టుకుని నిలబడింది. ఆమెన్ అయ్యాక సామేలు నెమ్మదిగా అడిగాడు. "అయ్యగారు, గక్కడ కిరాయికిస్తరా, సొంతానికా?"

ఏసుబాబు నవ్వాలో వద్దో తేల్చుకోలేక బైబిలు సంచిలో పెట్టుకున్నాడు.

సాయమ్మ లెక్కలో ఒక్కటి తప్పింది. మనుషులు నోరు మూసుకున్నంత మాత్రాన నీళ్లు ఆగవు. ఆ గదికీ ముందటింటికీ గోడ ఒక్కటే, ఆ గోడకు అవతల దొరసాని దేవునర్ర. ఆరో రోజు పొద్దున శోభారాణి దీపం పెట్టబోతూ పటాల వెనక గోడంతా నల్లగా చెమ్మెక్కి ఉండడం చూసింది. గంటలో మేస్త్రీ ఎర్రయ్యను వెంటబెట్టుకుని వెనక్కొచ్చింది. తలుపు తోసి గడప మీద నిలబడింది. పైకి చూసింది, తర్వాత మూల మంచం వైపు చూసింది.

"పోయినేడు గింత చుక్క పడితే ఉరికచ్చి చెప్పినవు. గీసారెందుకు చెప్పలే?"

జవాబు మంచం మీద ఉంది, కడుపు ఉబ్బి, కాళ్లూ చేతులూ పుల్లలై.

"డాక్టరేమన్నడు?"

"ఇంటికి తీసుకపొమ్మన్నడు దొరసాని."

ఈసారి మేడం అనమని ఆమె దిద్దలేదు. ఎర్రయ్య స్లాబెక్కి చూసి దిగొచ్చాడు. "పైపు కాడ సందు వడ్డది మేడం. ఈ స్లాబు పోసినోడు ఇసుక మీద సిమెంటు పేరు రాసిపోయిండు, గంతే. వాన ఎడ ఇస్తే ఒక్కరోజు పని."

"ఇల్లు ఖాళీ చెయ్యాల్నా?"

"పైన పనాయె. కింద మనుషులుంటే నాకేంది?"

"ఖాళీ చేస్తేనే మంచిగయితది" అంది శోభారాణి. ఆ మాట ఎర్రయ్యకు కాదని ఎర్రయ్యకు తెలిసింది. చెవి గోక్కుంటూ రెండడుగులు వెనక్కి జరిగాడు. "పదిరోజులు ప్రీతి కాడికి పోండ్రి సాయమ్మా" అంది ఆమె.

"ప్రీతిది గూడ కిరాయిల్లే."

శోభారాణి గొంతు తగ్గించి మాట్లాడింది. "నేను రాక్షసిని గాదు. మా సారు పోయిన్నాడు ఏమైందో నీకు తెల్వదా? హైదరాబాద్‌ల మా కొడుకు హరీశ్‌ది సొంత ఫ్లాటు. అయినా అపార్ట్‌మెంటోళ్లు సారును లిఫ్టు ఎక్కియ్యనియ్యలే. సెల్లార్ల రెండు కార్ల నడుమ పండవెట్టుకున్నం. లోకం తీరే గట్లున్నది. గీ ఇంట్ల ఏమన్నయితే ఆర్నెల్లు మూసిపెట్టాలె. గోడ కలిసిన ఇల్లాయె, నేనొక్కదాన్నే ఉంటున్న."

దెబ్బ తిన్నవాళ్లు ఇంకొకరిని కొట్టరని ఒక నమ్మకముంది. నమ్మడానికి బాగుంటుంది. సెల్లార్లో కార్ల నడుమ ఒక రాత్రంతా కూర్చున్న మనిషికి ఎక్కువగా అర్థమయ్యేది మాత్రం ఇంతే: అందరికీ ఇలాగే జరుగుతుంది, నేనెవరిని మార్చడానికి?

సాయమ్మ అనగలిగిన మాటలు చాలా ఉన్నాయి. పద్నాలుగేళ్లు ఊడ్చిన వాకిలి ఉంది, మామ చేసిన జీతం ఉంది. అవేవీ అనలేదు. మామ ఆమెకు నేర్పింది వేరు: దొరల ముంగట ఒక్కసారికి ఒక్కటే అడగాలె, రెండడిగితే రెండూ పోతాయి. మామ పోయి ఇరవై ఏళ్లయినా, దొరతనం కూలి అంతకు రెట్టింపు ఏళ్లయినా ఆ పాఠం ఆమె ఎముకల్లోంచి పోలేదు. అందుకని ఏది అడగాలో కాసేపు ఆలోచించుకుంది.

"లోపట పోకుండ చూస్త దొరసాని. పాణం పోయే ముంగట వాకిట్ల పండవెడ్త. కని వాన వడ్తున్నదాయె. నాకు లోపట రిపేరొద్దు. వాకిట్ల నాలుగు రేకులు ఏపియ్యిండ్రి."

ఎర్రయ్య తల వంచుకున్నాడు. శోభారాణి చాలాసేపు వాకిలి వైపు చూసింది. ప్రాణం పోయేటప్పుడు మనిషిని బయటికి తేవడం ఎరగని సంగతేం కాదు, శాస్త్రానికి కూడా అడ్డు రాదు. "సరే" అంది. "ఎర్రయ్యా, రేపే ఎయ్యి."

ఆమె వెళ్లాక ఎర్రయ్య సాయమ్మ మీద కోపం చేశాడు. "నీకేమన్న పిచ్చా అక్కా? రిపేరొద్దనుడెందుకు, ఆమె దేవుని గోడ కోసం నేనెట్లయినా గా సందు పూడ్సుడే గద. రేకుల బదులు ఇంకేదన్న అడిగేది ఉండె."

సాయమ్మకు అప్పుడు తట్టింది. ఎట్లాగూ జరిగే రిపేరును వదులుకుని, దాంతోపాటు ఇయ్యకూడని మాట కూడా ఇచ్చింది.

రెండ్రోజులు వాన తెరిపిచ్చింది. ఎర్రయ్య పైన సందు పూడ్చాడు. దేవుడి పటాల పుణ్యాన సామేలు మంచం మీద చుక్క పడడం ఆగింది. తర్వాత వాకిట్లో నాలుగు కట్టెలు పాతి రేకులు బిగించాడు. తెరిచిన తలుపులోంచి సామేలు ఆ పనంతా చూశాడు. ఎవరూ ఆయనకేం చెప్పలేదు. ఆయనా అడగలేదు. సాయంత్రం జావ తాగిస్తుంటే మాత్రం అన్నాడు. "రేకులు పొట్టిగున్నయి. కాళ్లు తడుస్తయి."

"మడుసుకొని పండు" అని, సాయమ్మ అటు తిరిగి ముక్కు చీదుకుంది.

పదకొండు రోజులు గడిచాయి. ఒక ఆదివారం మందిరంలో ఆరాధన అయ్యాక ఏసుబాబు వచ్చేసరికి మళ్లీ సన్నగా వాన మొదలైంది. పొద్దున నుంచీ సామేలు మాట్లాడడం లేదు. ఒంటిగంట దాటాక ఊపిరి మారింది. లోపలికి పోయిన ఊపిరి మళ్లీ వస్తుందో రాదో అన్నట్టు ఆగి ఆగి వస్తోంది. ఇద్దరికీ తెలిసింది. వాకిట్లో రేకుల సంగతి, ఇచ్చిన మాట సంగతి ఏసుబాబుకు సాయమ్మే చెప్పి ఉంది. ఆయన లేచి మంచం కాళ్ల వైపు పట్టుకున్నాడు.

"ఎత్తుదామా అమ్మా?"

సాయమ్మ కదల్లేదు.

"మాటిచ్చినవు గద."

"ఇచ్చిన అయ్యగారు."

ఆమె లేచి, తలుపు మూసి గొళ్లెం పెట్టి, తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది. సామేలు తలను ఒళ్లోకి తీసుకుంది. బీములు మోసి కాయ కాసిన ఆ భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. ఏసుబాబు ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగి, మంచం పట్టె వదిలేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. గది పొడిగా ఉంది. రేకుల మీద వాన చప్పుడు లోపలికి వినబడుతోంది. పావుగంట పట్టింది, అంతే. పెద్ద కష్టమేం పడలేదు సామేలు.

సాయమ్మ తడిగుడ్డతో ఆయన మొహం తుడిచింది, కళ్లు మూసింది, దుప్పటి సరిచేసింది. తొందరపడలేదు. తర్వాత గొళ్లెం తీసి, "గిప్పుడు పట్టుండ్రి" అంది. ఇద్దరూ మంచం మోసుకొచ్చి రేకుల కింద దించారు. దించిన తర్వాతే ఆమె గొంతెత్తింది.

ఆ ఏడుపు విని ప్రహరీ గోడ అవతలివాళ్లు తొంగి చూశారు. శోభారాణి గొడుగు వేసుకుని వచ్చింది. రేకులకు రెండడుగుల దూరంలో ఆగింది.

"ఎప్పుడు?"

"గిప్పుడే దొరసాని."

"బయటనే గద?"

సాయమ్మ సామేలు కాళ్ల మీదికి దుప్పటి లాగింది. పక్క నుంచి ఏసుబాబు అన్నాడు. "బయటనే అమ్మా. నేనున్న."

శోభారాణి ఆయన వైపు చూసింది. ఆయన సంచిలోని బైబిలు వైపు చూసింది. తెరిచి ఉన్న గది తలుపు వైపు కూడా ఒకసారి చూసింది. ఏం అనుకుందో మొహంలో కనబడలేదు. గోడ మీదుగా చూస్తున్నవాళ్లకు వినబడేట్టు, "అయ్యగారే ఉన్నడట, బయటనే పోయిండట" అంది.

కోరుట్లకు ఫోను చేయాలని సాయమ్మ లేవబోయింది. "నువ్వు కూసో, ప్రీతికి నేను చేస్త" అంది శోభారాణి. "టెంటోళ్లు అస్తే రోడ్డు మీద ఎయ్యొద్దని చెప్పుండ్రి అయ్యగారు. గేటు లోపటనే ఎయ్యుమనుండ్రి, గీడ జాగున్నది."

గొడుగు మూసి, ఆ వానలోనే ముందుకు నడిచి, ఎప్పుడూ ఒక రెక్కే తెరిచే పెద్ద గేటు రెండు రెక్కలూ తానే తెరిచింది. ఒక రెక్క గాలికి వెనక్కి వస్తుంటే దానికి ఇటుక అడ్డం పెట్టి, ఇంట్లోకి వెళ్లిపోయింది.