అక్కడ టీ ఎంత?

కొలతల టేపు కొత్తది కట్ట విప్పితే ఒక రకమైన వాసన వస్తుంది. వానలో తడిసిన రెగ్జిన్ సంచి వాసన. మొన్న పొద్దున షాపు షట్టర్ ఎత్తి, పాత టేపు సాగిపోయిందని కొత్తది మెడలో వేసుకున్నాను. చివరనున్న రేకు ముక్క చల్లగా గొంతుకు తగిలింది. అంతే, రాజేశ్వరిగారు గుర్తొచ్చారు. ప్రేమగా గుర్తొచ్చారని అనుకునేరు. ముందు వచ్చింది కడుపుమంటే, ప్రేమ దాని వెనకాల మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. ఆమె ఈ ఊరు విడిచి ఏళ్లు గడిచినా ఆ మంట మీద ఇంతవరకూ చెంబెడు నీళ్లు పడలేదు.

ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో నాది లేడీస్ టైలర్ షాపు. జాకెట్లు కుట్టడం చేతుల పని. నోటికీ ఏదో ఒక పని ఉండాలి కదా! నా నోటి పని దుబాయ్. పెళ్లయిన కొత్తలో మా చిన్నమ్మ దగ్గర దుబాయ్‌లో ఉండి వచ్చానని గల్లీ అంతా చెప్పేదాన్ని. నిజం చెప్పాలంటే నేనెరిగిన విమానాలన్నీ రావిర్యాల మీదుగా దిగుతూ కిందివాళ్లకు పొట్ట చూపించి పోయినవే. అయినా నా దుబాయ్‌కి ఏ లోటూ ఉండేది కాదు. అక్కడ ఒంటెలు ఎర్రలైటు దగ్గర ఆగేవి. షేకు భార్యకు కొలతలు తీయడానికి నేను రెండు టేపులు ముడి వేయాల్సి వచ్చింది. ఇసుకలో గుడ్డు కొడితే ఆమ్లెట్ అయ్యేది, ఉల్లిగడ్డలు మాత్రం మనమే కోసుకోవాలి. కుట్టడానికి ఇచ్చిన జాకెట్ తయారైనా సరే, కథ అయ్యేదాకా ఆడవాళ్లు లేచేవారు కాదు. ఆ స్టూళ్లు నిండుగా ఉండటమే నా సంపాదన.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం వచ్చి, ఆదిభట్ల దిక్కు కంపెనీలు లేస్తున్న రోజులవి. జొన్న చేలల్లో హద్దురాళ్లు మొలిచాయి. నిన్నటిదాకా బస్సు కోసం పరుగెత్తిన మనిషి కారులోంచి చేయి ఊపి పోతున్నాడు. ఆ గాలే మా గల్లీకీ తగిలింది. చిట్టీ డబ్బు చేతికొస్తే ఎప్పుడూ బంగారం కొనుక్కునే మా ఆడవాళ్లు, ఈసారి ఫారిన్ పోదామన్నారు. దారి చూపడానికి ఇంకెవరున్నారు, ఈ సుగుణక్క కాక?

నేను ఇండోనేషియా అన్నాను. ఎక్కడుందో నాకు తెలియదు, కానీ అక్కడి లెక్క ఒకటి చెవిన పడింది.

"రూపాయికి ఎంతొస్తదక్కా ఆడ?" అంది యాదమ్మ. వాళ్లది మా ఎదురిల్లు. భర్త ప్లాట్లు అమ్మిపెట్టే పనిలో కొత్తగా దిగాడు.

"రెండు వందల చిల్లర! ఐదు వేలు పట్కపోతే పది లక్షలిస్తరు. విమానం దిగుడుతోనే లక్షాధికారులం."

"అబ్బ! మా ఆయన లక్ష కోసం ఎండల తిరిగి నల్లగయ్యిండు. నేను విమానం దిగితె సాలన్నట్టు!"

షాపంతా నవ్వింది. సరిగ్గా అప్పుడే రాజేశ్వరిగారు జాకెట్ కొలతలకు వచ్చారు.

ఆమెది భీమవరం వైపు. భర్త రావిర్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీలో మేనేజరు. సన్నగా, నేత చీరలో, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. వచ్చిన ఏడాదిలోనే నా స్టూళ్లలో సగం ఆమె వరండాకు తరలిపోయాయి. పిల్లకు జ్వరమొచ్చినా, ఇంట్లో పంచాయితీ వచ్చినా "రాజేశ్వరమ్మను అడుగుదాం" అనేవారు. నేను గంటసేపు చెమటోడ్చి పుట్టించిన ముచ్చటను ఆమె చిన్న ప్రశ్న ఒకటి వేసి తన వైపు తిప్పుకునేది. ఆమె ఆవకాయ కూడా నాకు కారంగా ఉండేది, ఒట్టు.

ఆ రోజు ఆమె నడుము చుట్టూ టేపు వేశాను. "ముప్పై రెండు" అన్నాను.

"టేపు ఒకసారి రెండోవైపు తిప్పి చూస్తారా, సుగుణగారూ?"

తిప్పాను. సెంటీమీటర్ల వైపు ఎనభై ఒకటి ఉంది.

"యాదమ్మగారూ, ఈలోపు నేను లావయ్యానంటారా?"

యాదమ్మ పకపకా నవ్వింది. "నడుము గంతనే ఉన్నది గదమ్మా! అంకె మారింది."

"ఆ పది లక్షలూ అంతేనండీ. మీ ఐదు వేలే, టేపు తిప్పి చూశారు. అక్కడ టీ ఎంతో, అన్నం ఎంతో, గది ఎంతో కనుక్కుని రూపాయల్లోకి మార్చుకోండి. అప్పుడు కదా మన డబ్బు అక్కడ ఎంతవరకు వస్తుందో తెలిసేది."

నా షాపులో, నా టేపుతో, నా చేత్తోనే తిప్పించి నన్ను ఓడించింది! అక్కడితో వదిలిందా? నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "సుగుణగారు దుబాయ్‌లో ఉండొచ్చారుగా. అక్కడ టీ ఎంతుండేదండీ?" అంది.

ఇన్నేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది. ఒంటెల గురించి అడిగారు, షేకుల గురించి అడిగారు, టీ గురించి ఎవరూ అడగలేదు. స్టూళ్ల మీది కళ్లన్నీ నా మీదే ఉన్నాయి. తప్పు చెబితే ఒంటెలూ, షేకు భార్యా, ఆమ్లెట్టూ అన్నీ కలిసి కూలిపోతాయి. నోటికొచ్చింది అనేశాను.

"ఐదు వందల దిర్హాములు."

"ఒక్క టీకా?" యాదమ్మ స్టూలు మీంచి లేచింది. "దిర్హామంటె పది రూపాయల పైన్నే అంటడు మా తమ్ముడు! గదేం టీ అక్కా?"

రాజేశ్వరిగారు నా మొహంలోకి చూశారు. ఒక్క చూపు. అందులో ఆమెకు అంతా తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది.

"షేకుగారి ఇంటివాళ్లతో వెళ్లారు కదండీ, పెద్ద హోటల్ అయ్యుంటుంది" అంది నింపాదిగా. "అలాంటిచోట టీ మీద బంగారు రేకు వేసి ఇస్తారట."

స్టూళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. నేనూ పీల్చుకున్నాను. మరుక్షణమే కుళ్లు మొదలైంది. బంగారు రేకు! ఇన్నేళ్లుగా దుబాయ్‌ని నెత్తిన మోస్తున్న నాకు తట్టలేదే ఆ ముక్క!

ఆమె మాట తప్పని తేల్చడానికి మర్నాడే ట్రావెల్స్ అతనికి ఫోన్ చేశాను. "ఇండోనేషియాల టీ ఎంతుంటది తమ్మీ?" అంటే, "మామూలు హోటల్ల ఐదారు వేలు ఉంటదక్కా" అన్నాడు. రూపాయల్లోకి తెస్తే పాతిక పైమాటే. మా బస్టాండులో టీ ఐదు రూపాయలు. లక్షాధికారులమై వెళ్లి, ఒక్కో గుక్కకూ వేలు మింగాలన్నమాట.

రాజేశ్వరిగారు మలేషియా పేరు చెప్పారు. అక్కడి డబ్బు ఒక్క రింగిట్‌కు మనవి పద్నాలుగు రూపాయలదాకా ఇవ్వాలంటే ఆడవాళ్లు గుండెలు బాదుకున్నారు. "కానీ ఆ ఒక్క రింగిట్ పెడితే టీ వస్తుందండీ" అంది ఆమె. లక్షల దేశంలో టీ పాతిక, భయపెట్టిన దేశంలో పద్నాలుగు. యాదమ్మకు కూడా అర్థమైపోయింది. డబ్బు మార్చుకునే సంగతీ ఆమే చెప్పింది. "టీవీలో చూపించే రేటు మన చేతికి రాదండీ. పాత బంగారం అమ్మబోతే ఒక రేటు, కొత్తది కొనబోతే ఇంకో రేటు కదా? డబ్బు మార్చేవాళ్లూ అంతే. కమీషన్ లేదన్నారని మురిసిపోకండి, రేటులోనే కలిపేసుకుంటారు. నాలుగు చోట్ల అడగండి. ఇన్ని రూపాయలిస్తే చివరికి చేతిలో ఎన్ని రింగిట్లు పెడతారు? ఆ ఒక్కటే అడగండి."

"గివన్ని మీకెట్ల ఎరుకమ్మా?" అంది యాదమ్మ.

"కౌలాలంపూర్‌లో రెండేళ్లున్నామండీ" అంది ఆమె, మొన్న బాలాపూర్ వెళ్లొచ్చామన్నంత తేలిగ్గా.

రెండేళ్లు! ఒక్క కథ చెప్పలేదు! ఆ రెండేళ్లు దేవుడు నాకిచ్చి ఉంటే ఇరవై ఏళ్లు చెప్పుకుని బతికేదాన్ని. గోదాం నిండా వడ్లు పెట్టుకుని మెతుకు వండని మనిషిని చూసినట్టు మండిపోయాను.

ఆ వారం జాకెట్ తీసుకోవడానికి వచ్చినప్పుడు షాపులో ఎవరూ లేరు. నిలబెట్టి అడిగేశాను. "అంత పెద్ద దేశం చూసి నోరు మూసుకుని కూసుంటరా ఎవరన్న? మేమేమన్న దిష్టి పెడతమా?"

ఆమె జాకెట్ హుక్కులు పెడుతూ, తీస్తూ నిలబడింది. "చెప్పడానికి ఏం లేదండీ. అక్కడ ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూసేదాన్ని. మామిడిపండు చూస్తే పండు కనబడేది కాదు, మన ఊళ్లో ఈ డబ్బుకి బుట్టెడు వస్తాయే అనిపించేది. బస్సు ఎక్కాలంటే లెక్క, సముద్రానికి వెళ్దామంటే లెక్క. రెండేళ్లు లెక్క వేసుకుంటూ గదిలో కూర్చుని వచ్చేశాను. బయల్దేరేముందు వేయాల్సిన లెక్క దిగాక వేశాను." జాకెట్ మడిచి చంకలో పెట్టుకుని అంది. "మీరు అసలు వెళ్లలేదు, అయినా దుబాయ్ అంతా తిరిగొచ్చారు. మీ మీద నాకు అసూయండీ, సుగుణగారూ."

నా అసూయను నేను కొంగు చాటున పెట్టుకుని తిరుగుతుంటే, తన అసూయను మడత విప్పి బల్ల మీద పరిచేసింది. అందులోనూ నాకన్నా పైచేయే.

మలేషియా వెళ్లాం. ఆమెను నేనే బతిమాలి రమ్మన్నాను. దారి తెలిసిన మనిషి కావాలన్నాను పైకి. మొదటి రోజు పొద్దున రోడ్డు పక్క దుకాణంలో కూర్చుంటే, దుకాణంవాడు టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి బారెడు ఎత్తు నుంచి పోసి ఇచ్చాడు. అందరం తాగుతున్నాం. రాజేశ్వరిగారు గ్లాసు పట్టుకుని ధరల బోర్డు వైపు చూస్తున్నారు. పెదవులు చప్పుడు లేకుండా కదులుతున్నాయి.

"రాజేశ్వరిగారూ" అన్నాను. "నా టేపు ఇంట్ల పెట్టొచ్చిన. మీది గూడ పక్కన పెట్టుండ్రి. దుబాయ్‌ల మేము దిగినంక లెక్కలు జేసెటోళ్లం కాదు."

ఆమె నవ్వింది. అంత పెద్ద నవ్వు ఆ సన్నటి మనిషిలో ఎక్కడ దాగి ఉందో! టీ తాగింది, ఇంకొకటి తెప్పించుకుంది. ఆ సాయంత్రం బోర్డు వంక చూడకుండా మామిడిపండ్లు కొని అందరికీ పంచింది.

నేను చేసిన తప్పు అది. ఊరికి తిరిగొచ్చాక మలేషియా గురించి అడగడానికి ఆడవాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లారనుకున్నారు? ఆమె వరండాకు! ఆ టీని ఆకాశం నుంచి పోశారని ఆమె చెబుతుంటే విన్నాను. చేయి పైకెత్తి, కళ్లు పెద్దవి చేసి, నేను ఆగే చోటే ఆగి మరీ చెప్పింది. నా షాపులో స్టూళ్లు ఖాళీ. తర్వాత భర్తకు విశాఖపట్నం బదిలీ అయి వెళ్లిపోయేదాకా అదే వరస. పోతూ పోతూ నాకో ఆవకాయ జాడీ ఇచ్చింది. అది మాత్రం కారం సరిపోయింది.

మొన్న కొత్త టేపు వేసుకున్న రోజే యాదమ్మ కోడలు వచ్చింది. బ్యాంకాక్ పోతోందట. "రేటు ఫోన్ల సూస్కున్న అత్తా" అంది.

"రేటు ఫోన్ జెప్తది బిడ్డా. ఆడ టీ ఎంతో అడిగినవా?" అని ఆ పిల్ల నడుముకు టేపు వేసి, రెండోవైపు తిప్పి చూపించాను. "లెక్కంత ఈడనే జేస్కో. దిగినంక లెక్క బంద్."

"అబ్బ, ఎంత మంచిగ చెప్పినవత్తా! ఏడ నేర్చుకున్నవ్?"

"ఇంకేడ? దుబాయ్‌ల."

స్టూలు లాక్కుని కూర్చుంది. కథ మొదలుపెట్టాను. ఒంటెలు ఆగాయి, ఆమ్లెట్ వేగింది. హోటల్లో టీ వచ్చింది, దాని మీద బంగారు రేకు మెరిసింది. ఈ మధ్య ఆ బల్ల దగ్గర నేను ఒక్కదాన్నే కూర్చోవడం లేదు. ఎదురుగా నేత చీరలో సన్నటి మనిషి ఒకామె ఉంటుంది. బిల్లు వైపు చూడకుండా రెండో టీ చెప్పేస్తుంది. ఎన్నోసార్లు ఆమెను తీసేసి చెప్పి చూశాను. కథ నిలబడటం లేదు.