జీపు ఎత్తు పెంచిన ఎండాకాలం

మా నాయన వంకాయను నాలుగువైపులా తిప్పి చూసి, పక్కంగడిలో ధర కనుక్కొని, మళ్లీ వచ్చి కొనకుండా వెళ్లిపోయే మనిషి. పాలవాడి చెంబు, పెట్రోలు బంకు మీటరు, చుట్టాల పలకరింపు, అన్నిటి మీదా ఆయనకు అనుమానమే. ఆ గుణం నాకూ వచ్చింది. కాకపోతే నేను ఎక్కువగా అనుమానించింది ఆయన్నే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాకో పాత జీపు ఉండేది. మిలిటరీ వాళ్లు వేలం వేసింది. నాలుగు చక్రాలకూ గేరు పడేది, తలుపులు మాత్రం లేవు. అనంతపురంలోని మా ఇంటి నుంచి కుందుర్పి అవతలి చేనికి వెళ్లాలంటే అదే దిక్కు, ఎందుకంటే చివర్లో ఒక రాళ్ల వంక దాటాలి. ఆ చేను మా అమ్మకు పుట్టింటివాళ్లు ఇచ్చింది. అందులో వాళ్ల నాయన తవ్వించిన బావి ఉంది. చుట్టుపక్కల బావులన్నీ ఎండినా దాని అడుగున కాసిని నీళ్లు నిలిచేవి. అమ్మ ప్రతి ఆదివారం నాయనతో వెళ్లేది. మోకాళ్లు ఎంత నొప్పెడుతున్నా కమ్మీ పట్టుకొని జీపు ఎక్కేది. చేరగానే చిన్న రాయి తీసి బావిలో వేసి, బుడుంగుమనే చప్పుడు విన్నాకే ఎక్కడైనా కూర్చునేది.

మాకున్న మిగతా పొలమంతా అప్పటికే నీళ్లు పడని బోర్లతో తూట్లు పడిపోయింది. అందుకే అమ్మ, "నా చేన్లోకి బోరు బండి రాకూడదు. వచ్చిందంటే బాయి పాయె" అని నాయన చేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఏడు ఎండలు మొదలవగానే నాయన కొత్త మాట ఎత్తుకున్నాడు. "వంకలో సైలెన్సరు రాళ్లకు తగుల్తాండాది. జీపు ఎత్తు చేపించల్ల." మెకానిక్ రేపు మాట మారిస్తే సాక్ష్యం ఉండాలని నన్నూ షెడ్డుకు తీసుకెళ్లాడు.

మెకానిక్ జీపు కింద దూరి చూసి వచ్చి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "రెండు దార్లుండాయన్నా. చక్రాల మీదుండే కమాను కట్టలకు ఇంకో రెండు పట్టీలెక్కిస్తే బండి మొత్తం లేస్తాది. సైలెన్సరు రాళ్లకు అందదు. అయితే కట్టలు గట్టిపడి, తోలేవాళ్ల నడుం విరుగుతాది. ఇంగోటి, కింద ఛాసిస్ కదిలించకుండా, దానికీ పైన బాడీకీ నడాన రబ్బరు దిమ్మెలు పెట్టేది. కూచునే సీటు దాని కంటే ఎక్కువ లేస్తాది. కింద తగిలేది మాత్రం తగుల్తానే ఉంటాది."

"కట్టలు మారిస్తే నీకు పనెక్కువ. అందుకే కదా దాన్ని ముందు చెప్తాండావు?" అన్నాడు నాయన.

"ఏమప్పా, దిమ్మెలు పెట్టినా పని నాదే. నీ ఇష్టం."

నాయన దిమ్మెలే పెట్టమన్నాడు. నాకు ఒళ్లు మండింది. సైలెన్సరు కోసం వచ్చి, సైలెన్సరుకు పనికిరానిదాన్ని ఎంచుకోవడమేమిటి? దారిలో అడిగాను. "మెకానిక్‌లు చెప్పేదంతా నమ్మితే బతకలేము పాపా" అని జీపు వేగం పెంచాడు.

ఆదివారం అమ్మ కమ్మీ పట్టుకొని కాలెత్తింది. అందలేదు. రెండో కాలితో చూసింది. అదీ అందలేదు. "ఎందుకు తిప్పలు, నువ్వు ఇంటికాడే ఉండు. నేను చూసొస్తా కదా" అన్నాడు నాయన. ఆ మాట ఆయన నోట్లో ముందే సిద్ధంగా ఉన్నట్టు అనిపించింది నాకు. అమ్మకు చెబుదామనుకున్నాను. మొగుణ్ణి అనుమానించమని తల్లికి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఆ ఎండాకాలమంతా అమ్మ వెళ్లలేదు. ఆయన వచ్చినప్పుడల్లా "బాయి ఎట్లుండాది?" అని అడిగేది. "ఉండాదిలే" అనేవాడు నాయన, చెప్పుల వైపు చూస్తూ.

ఒకరోజు జీపు వెనక ఊడుస్తుంటే సీటు కింద టెంకాయలు దొరికాయి. పీచు తీయలేదు, ఏ దేవుడి ముందూ కొట్టలేదు. టైర్ల గాడుల్లో తెల్లటి పిండి. మా అమ్మ చేను ఎర్ర నేల. అంత తెల్లటి రాతిపిండి మా జిల్లాలో బోరు వేసేచోట తప్ప లేవదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగి, అది నిటారుగా లేచిన చోట నీళ్లున్నాయని చెప్పేవాళ్ల గురించీ తెలుసు. ఒక టెంకాయ తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టాను.

మర్నాడు ఆదివారం. నాయన జీపు స్టార్ట్ చేసేసరికి అమ్మ వంటింట్లోంచి పీట తెచ్చి పక్కన వేసి, దాని మీద నిలబడి, ఎక్కి కూర్చుంది. నేను వెనక ఎక్కాను.

వంకలో సైలెన్సరు రాయికి తగిలి గరగరమంది.

"ఎత్తు చేపిస్తివి కదా, ఇంగా తగుల్తాండాదే?" అంది అమ్మ. నాయన గేరు మార్చాడు.

చేన్లో తెల్లటి కుప్పలు. ఒక్కో కుప్ప పక్కన ఒక్కో బోరు గుంత, గొర్రెపిల్లలు పడకుండా దాని మీద మూసిన బండ.

"టెంకాయ నిలబడింది మే. ఈడ నిలబడింది, ఆడ నిలబడింది. నా కండ్లారా చూసినా" అన్నాడు నాయన. "ఒకదాంట్లో పడినాయి కూడా. మోటారు పెడితే కొన్నాళ్లు వచ్చినాయి. మళ్ల నిలిచిపోయినాయి."

అమ్మ బావి దగ్గరికి నడిచి రాయి వేసింది. రాయి మీద రాయి పడిన చప్పుడు వినిపించింది. ఆయన మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. అమ్మ మాత్రం అరవలేదు.

"మెకానిక్ చెప్తే నమ్మకపోతివి. నేను చెప్తే నమ్మకపోతివి. టెంకాయ చెప్తే నమ్మితివా?" అంది.

తిరిగి బయల్దేరేటప్పుడు చూస్తే పీట ఇంటి దగ్గరే ఉండిపోయింది. అమ్మ జీపు పక్కన నిలబడింది. నాయన అటూ ఇటూ చూసి, దగ్గర్లోని బోరు గుంత మీద బండను దొర్లించుకుంటూ తెచ్చి ఆమె కాళ్ల ముందు వేశాడు. ఆమె దాని మీద అడుగుపెట్టి ఎక్కింది. కూర్చున్నాక, "దాన్ని తీసకపోయి మళ్ల ఆడనే మూసిరా. గొర్రెపిల్లలు పడతాయి" అంది. ఆయన ఆ ఎండలో బండను వెనక్కి దొర్లించుకుంటూ వెళ్లాడు.

ఆ వారమే ఎవరూ అడగకుండానే నాయన షెడ్డుకు వెళ్లి దిమ్మెలు తీయించాడు. జీపు మళ్లీ అమ్మకు అందే ఎత్తుకు వచ్చింది. ఆదివారం ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాడు. మరుసటి ఆదివారం కూడా కొట్టాడు. అమ్మ బయటికి రాలేదు.