పందెం లేని పాచికలు

ఆదివారం మధ్యాహ్నం మాత్రం ధనశ్రీ ఎవరి రక్తమూ తీయదు. మిగతా రోజులన్నీ అనకాపల్లిలో ఓ ప్రైవేటు ల్యాబులో పొద్దున్నే సూది పట్టుకుని కూర్చుంటుంది. షుగరు చూపించుకోవడానికి వచ్చిన బెల్లం వర్తకులు, జ్వరంతో బుచ్చయ్యపేట నుంచి ఆటోలో వచ్చిన కూలీలు, కడుపుతో ఉన్న కోడళ్ళు, వాళ్ళనడిగిన ప్రశ్నలకు తామే జవాబులు చెప్పేసే అత్తలు, అందరి చెయ్యీ ఆమె చేతిలోకి రావాల్సిందే. "పిడికిలి బిగించండి, ఇప్పుడు వదలండి." అంతకు మించి ఆమె నోట ఇంకో మాట అక్కడ ఎవరికీ అక్కర్లేదు. ఆదివారం వచ్చిందంటే అదే నోటితో కొండలు లేపుతుంది, ఏరులు పొంగిస్తుంది, ఓ రాజు కోట గోడలు కదిలిస్తుంది.

ఆమె చీడికాడ దగ్గర చెరకు పండించే ఇంటి పిల్ల. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదవడానికి విశాఖలో హాస్టల్లో ఉన్నప్పుడు రూమ్మేట్ ఒకమ్మాయి ఈ ఆట నేర్పింది. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలో వేషం ఎంచుకుని, తమ వేషం ఏం చేస్తుందో, ఏం మాట్లాడుతుందో చెప్తారు. చేసిన పని ఫలించిందా, బెడిసిందా అన్నది పాచిక తేలుస్తుంది. ఎవరూ ఎవరినీ గెలవక్కర్లేదు. కథ ముందుకు పోవడమే ఆట. హాస్టల్లో అంతా ఇంగ్లీషులో ఆడేవారు. కథలో మంచు కొండలు, ఉన్ని కోట్లు, పొయ్యి దగ్గర చలి కాచుకునే సైనికులు. "చలంటే ఏటో తెలీక నా వేషం ఊరికూరికే గడ్డకట్టి చచ్చిపోయేది" అని ధనశ్రీ ఇప్పటికీ నవ్వుతుంది.

అనకాపల్లిలో ఉద్యోగం దొరికాక ఆ రూల్సన్నీ తెలుగులోకి దించుకుంది. మంచు తీసేసి చెరకుతోటలు వేసింది. ఆ కథల్లో ఉండే డ్రాగన్, అదే నిప్పులు కక్కే రెక్కల పాము బదులు, ఊళ్ళ నీళ్ళన్నీ తన కోటలో బంధించి ఇష్టమైనవాడికే తలుపు తీసే రాజును కూర్చోబెట్టింది. ఇదంతా ఊహేనా అని ఎవరైనా అడిగితే, "కోట ఒక్కటే ఊహ" అంటుంది.

ఆటలోకి మొదట వచ్చింది సుమశ్రీ. మెయిన్ రోడ్డు మీద చీరల షాపులో సేల్స్‌గర్ల్. తాళం తీసిన దగ్గర్నుంచి షట్టరు దించేదాకా నిలబడే ఉద్యోగం. కొనేవాళ్ళు లేనప్పుడు కూడా కూర్చోకూడదు. చీరలకు పరుపులు పరుస్తారు గానీ చీరలు చూపించే మనిషికి ఓ స్టూలు వెయ్యరు. దీన్ని మనం క్రమశిక్షణ అంటాం. సుమశ్రీ రాణి వేషం తీసుకుని, తొలిరోజే తన రాజ్యంలో పనిచేసే ప్రతి ఆడమనిషికీ కుర్చీ ఇవ్వాలని చాటింపు వేయించింది. ధనశ్రీ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీ ఆ రోజు నుంచి రాణిగారిదే. మిగతావాళ్ళు చాప మీద.

సుమశ్రీని రోజూ షాపు దగ్గర దించేది కశింకోట రూటులో షేర్ ఆటో నడిపే సన్యాసిరావు. అదేం ఆట అని చూడ్డానికి వచ్చి అతనూ కూర్చుండిపోయాడు. గుబురు మీసాల మనిషి, మంత్రాలొచ్చిన ముసలమ్మ వేషం కావాలన్నాడు. గొంతు సన్నం చేసి, లేని కొంగు భుజం మీదికి లాక్కుని మాట్లాడితే ఎవరికీ నవ్వు ఆగదు. "బండి మాది, కండక్టరు నువ్వు" అంటూ ధనశ్రీకి కండక్టరని పేరు పెట్టింది కూడా అతనే.

ఆఖరున వెంకటసాయికృష్ణ చేరాడు. బెల్లం వర్తకుల కుర్రవాడు, కాటా దగ్గర నాన్న పక్కన కూర్చుంటాడు. ఆటలో మాత్రం బెల్లం దిమ్మలు మోసే కళాసీ వేషం కట్టాడు. ఓ ఆదివారం రెండు దిమ్మలు ఒక్కసారి ఎత్తబోతే పాచిక మూడు పడి నడుం పట్టేసింది.

"ఇదన్యాయం, రెండే కదా ఎత్తాను" అన్నాడు.

"మీ మార్కెట్లో ఎత్తేవోళ్ళూ అదే అంటారు సాయిబాబూ. ఆళ్ళకి పాచికలెయ్యరంతే" అన్నాడు సన్యాసిరావు.

సాయి నవ్వాడు గానీ ఆ రోజు ఆట అయిపోయేదాకా ఒక్కో దిమ్మే ఎత్తాడు.

ఆ చాప దగ్గర గట్టి రూలు ఒకటుంది. వేషానికి ఇంటిపేరు పెట్టకూడదు, వేసినవాళ్ళ ఇంటిపేరు అడగకూడదు. మన దగ్గర ఇంటిపేరు ఎందుకు అడుగుతారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. అద్దె గది కోసం తిరిగినప్పుడు ధనశ్రీ గడప గడపకీ ఆ ప్రశ్నే విన్నది. గవరపాలెంలో ఈ మేడ మీది గది ఇచ్చిన కాసులమ్మ ఒక్కతే అది అడగలేదు. ఆవిడ షరతు వేరు.

"మందు, పేక. ఈ రెండూ నా మెట్లెక్కకూడదు. నీకు సమ్మతమేనా?"

ధనశ్రీకి నూటికి నూరుపాళ్ళు సమ్మతమే.

మొదట్లో చింతపిక్కలతో ఆడేవారు. ఒకవైపు అరగదీసిన పిక్కలు వేసి, తెల్లవి ఎన్ని పడ్డాయో చూసేవారు. తర్వాత సాయి ఆన్‌లైన్లో ఇరవై ముఖాల పాచిక తెప్పించాడు. గోళీలాంటిది, వేస్తే మంచం కిందికి దొర్లిపోయేది. దాన్ని ఆపడానికి ధనశ్రీ చాప మధ్యలో స్టీలు పళ్ళెం పెట్టింది. కొంప ముంచింది ఆ పళ్ళెమే.

కింద మంచం మీద నడుం వాల్చిన కాసులమ్మ చెవిలో గలగలమని చప్పుడు పడింది. వెనకే మాటలు. "ఎయ్యి, ఎయ్యి." "పద్దెనిమిది." "నీ వాటా నువ్వు తీసుకో." "ఇంకేటుంది, రాజ్యం పోయినట్టే." ఆవిడ ఒక్కో మెట్టూ పట్టుకుని పైకొచ్చి, తలుపు తోసి, పళ్ళెంలోకి చూసింది.

"పేకొద్దంటే పాచికలెట్టేవా పిల్లా?"

"మామ్మా, ఇది జూదం కాదు. కథలాంటి ఆట."

"మా ఆయనా ఆటనే అన్నాడు. బంగారయ్య ఆటకెల్లేడు, ఆటకెల్లేడని ఊరంతా అన్నాది. ఎకరం సెరుకు మడి ఆ ఆటలోనే ఎల్లిపోయింది. నాను మల్లీ ఆ సప్పుడు నా ఇంట్లో ఇనను. ఒచ్చే నెల గది కాళీ సేసెయ్."

ఆ గది పోతే ఆట పోయినట్టే, అది నలుగురికీ తెలుసు. వేరే చోట్లు ఎప్పుడో చూసేశారు. హోటల్లో టీ చల్లారకముందే లేవమన్నారు. పార్కులో కూర్చుంటే పాచిక చూసి ఓ కానిస్టేబులు జేబులు చూపించమన్నాడు. ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి నవ్వుతున్నారన్నది పక్క బెంచీవాళ్ళ బాధ. సుమశ్రీ ఇంట్లో అమ్మ ఒప్పుకోదు. సన్యాసిరావుది కశింకోటలో ఒంటి గది, పిల్లలు ముగ్గురు. సాయి ఇంట్లో గదులు బోలెడు. అతను ఎప్పుడూ పిలవలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ధనశ్రీకి ఈ గది పోతే వేరే గది దొరకొచ్చు. ఆదివారం దొరకదు.

సన్యాసిరావు చేతులు జోడించాడు. "మామ్మగోరూ, ఒక్కపాలి కూకుని సూడండి. ఇక్కడ పందెం కనపడితే నా ఆటో మీ గుమ్మంలో ఒదిలేసి నడుసుకుని ఎల్లిపోతాను."

"అదిగో, అప్పుడే పందెం కాసేవు" అంది కాసులమ్మ.

సుమశ్రీ నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని, లేచి కుర్చీ ఇచ్చింది. కాసులమ్మ కూర్చుంది. మెట్లెక్కిన మోకాళ్ళు ఆవిడవి, వెంటనే దిగలేవు.

"సరే. పందెం లేదంటన్నారు. మరి గెలిసినోడికేటొత్తాది?"

"ఎవరూ గెలవరు మామ్మా. తరవాతేమవుద్దో తెలుస్తాది, అంతే."

"అందుకా, ఆదోరం పూటా బట్టలుతుక్కోకండా కూకుంటారు?" కాసులమ్మ అందరినీ ఓసారి చూసింది. "అయితే నాకూ ఓ ఏసం ఇయ్యి. ఆడి సూత్తేగానీ తెలీదు."

"ఎవరు కావాలి?"

"మగోడినవ్వచ్చా?"

"అవ్వచ్చు. సన్యాసిరావుగారు ముసలమ్మ."

కాసులమ్మ ఆ మీసాలవైపు జాలిగా చూసింది. "అయితే నాను మునసబుని. పొలాలున్న మునసబు. పేకాడని మునసబు."

ధనశ్రీ కథ అందుకుంది. కోట వెనక నీటి తలుపు. దానికి పెద్ద తాళం. తాళంచెవి కాపలావాడి మొలతాడుకుంది. వాడు గోడకి చేరబడి కునికిపాట్లు పడుతున్నాడు. ఇవతల చెరకుతోటలో రాణి, ముసలమ్మ, కళాసీ, మునసబు నక్కి ఉన్నారు. ఏం చేద్దాం?

ముసలమ్మ మంత్రం వేస్తానంది. రాణి సైన్యాన్ని పిలుస్తానంది. కాసులమ్మకి ఆ ఇద్దరి వాలకం నచ్చలేదు.

"పడుకున్నోడికి మంత్రాలేటి, సైన్యాలేటి? నానెల్లి తాళంసెవి లాగేత్తాను. మా ఆయన మొలలోంచి బీరువా తాళాలు ఎన్నిసార్లు లాగలేదు నాను."

"అయితే పాచిక వెయ్యండి మామ్మా. పది దాటితే తాళంచెవి మీదే."

కాసులమ్మ పాచికని అరచేతిలో దాచి, కళ్ళు మూసుకుని, పెదాలు కదిపి, వదిలింది. పళ్ళెంలో గిర్రున తిరిగి తిరిగి ఆగింది.

ఒకటి. అంతకంటే తక్కువ ఆ పాచికలో లేదు.

సన్యాసిరావు కాలితో ధనశ్రీ కాలు తొక్కాడు. సాయి గొంతు సవరించుకున్నాడు. "ఫస్ట్ టైం కదా అక్కా. ఇది ట్రయల్ అనుకుందాం. మళ్ళీ వేయిద్దాం." సుమశ్రీ గోడకి ఆనుకుని నిలబడి ధనశ్రీనే చూస్తోంది. ఒప్పేసుకో అన్నట్టుంది ఆ చూపు.

ఒప్పుకోవడం ఎంతసేపు. గది మిగులుతుంది, ఆదివారం మిగులుతుంది. కానీ ఇదే పాచిక సాయి నడుం విరిచింది. రాణి అంతఃపురం తగలబెట్టింది. ముసలమ్మ వేసిన మంత్రం ఎదురుతన్ని, ముసలమ్మే ఓ పూట మేకైపోయింది. అప్పుడెవరూ మళ్ళీ వేస్తామనలేదు. ఓనరుకో రూలు, అద్దెకున్నవాళ్ళకో రూలు నడిచే చోట్లు బయట కావలసినన్ని ఉన్నాయి. ల్యాబులోనే రోజూ చూస్తుంది. కారు దిగినవాళ్ళు నేరుగా లోపలికొస్తారు, ఆటో దిగినవాళ్ళు టోకెను పట్టుకుని కూర్చుంటారు. ఈ చాప కూడా అలాగే అయితే, దాని కోసం గది కాపాడుకోవడం ఎందుకు?

"ఒకటి పడింది మామ్మా" అంది ధనశ్రీ. "కాపలావాడికి మెలకువొచ్చేసింది. మునసబుని పట్టుకుని జైల్లో పడేశారు."

సన్యాసిరావు కళ్ళు మూసుకున్నాడు.

"నన్నా?" అంది కాసులమ్మ. "నా ఇంట్లో కూకుని నన్ను జైల్లో ఏసేవా?"

"అవును మామ్మా."

"మల్లీ ఎయ్యనివ్వవా?"

"ఎవరికీ ఇవ్వను. మీకూ ఇవ్వను."

కాసులమ్మ పళ్ళెంలోంచి పాచిక తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. సుమశ్రీ తన హ్యాండ్‌బ్యాగు అందుకుంది. ఇక వెళ్ళిపోవడమే అనుకుంది పాపం.

"బంగారయ్య మొదటిసారి ఎల్లిన రోజు గెలిసొచ్చేడు" అంది కాసులమ్మ, పాచిక మీంచి చూపు తిప్పకుండా. "నాకు పూలట్టుకొచ్చేడు. రెండోసారీ గెలిపించేరు. జూదగాళ్ళు కొత్తోడిని ఓడించరే పిల్లా. టీ ఇప్పిత్తారు, మీ సెయ్యి మంచిదంటారు, తప్పు పడితే మల్లీ ఎయ్యమంటారు. నాను కొత్తదాన్ని. పైగా ఇంటిదాన్ని, కాళీ సెయ్యమన్నదాన్ని. నన్ను కూడా మొదటి ఏటుకే జైల్లో ఏసేవంటే నీకు జూదం సేతకాదు."

సాయి తల వంచుకున్నాడు. మళ్ళీ వేయిద్దామన్నది తనే కదా.

"మరి గది సంగతి మామ్మగోరూ?" అన్నాడు సన్యాసిరావు.

"జైల్లో ఉన్నోడు గది కాళీ సెయ్యమని ఎలగ సెబుతాడ్రా? బుర్రుందా నీకు?"

సుమశ్రీ బ్యాగు కింద పడేసి చాప మీద కూలబడి నవ్వింది. సన్యాసిరావు లేని కొంగుతో కళ్ళు తుడుచుకున్నాడు. మునసబుని విడిపించడానికి మంత్రమా, సైన్యమా అని వాళ్ళిద్దరికీ మళ్ళీ తగువు మొదలైంది. గోడ బద్దలుకొడతానని సాయి అంటే, ముందు నీ నడుం చూసుకోమన్నారు. కిందికి వెళ్ళి పడుకోండి మామ్మా, విడిపించాక పిలుస్తాం అంది ధనశ్రీ.

కాసులమ్మ కదల్లేదు. కాళ్ళు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుని సర్దుకుంది.

"జైల్లో ఊరికే ఎలగ కూకుంటాను? పక్క గదిలో ఎవులున్నారో సెప్పు."

ధనశ్రీ పక్క గదిలో ఎవరినీ పెట్టలేదు. పక్క గది ఉందనే అనుకోలేదు. కాసులమ్మ ముఖంలోకి ఒక్క క్షణం చూసింది.

"ఉన్నాడు మామ్మా. కుర్రవాడు. చెరకు ఎండిపోతోందని రాజుగారిని నీళ్ళడిగినందుకు పట్టుకొచ్చి పడేశారు. ఏడుస్తున్నాడు."

కాసులమ్మ కుర్చీలో గోడవైపు తిరిగి, సున్నం రాలిన చోట మెల్లగా వేలితో తట్టింది.

"ఒరే నాయినా. ఏడకు. తిన్నావా?"